పారిస్ పేటలో మడత కాజా

పారిస్ వెళ్లినవాళ్లందరూ చూసొచ్చే పారిస్ ఒకటుంది. ఈఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, సేన్ నదిలో పడవ షికారు. మా టూరు వాళ్లూ అదే చూపించారు, రెండంటే రెండు రోజుల్లో. రెండోరోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే బస్సుని అత్తరు కొట్టుకి తిప్పుతున్నారని తెలిసింది. నేను టూరు కుర్రాడికి చెప్పి దిగిపోయాను. పోస్టాఫీసులో ముప్పయ్యేళ్లు జిగురు వాసన పీల్చినవాడికి అత్తర్లతో ఏం పని? నాకు ఆ పూట వేరే పని ఉంది. భుజాన సంచీలో రెండు కిలోల తాపేశ్వరం మడత కాజా ఉంది.

మెట్రో రెండో నంబరు లైను ఎక్కితే ఒకచోట రైలు నేలలోంచి పైకొచ్చి, ఇనుప స్తంభాల మీద పరిగెడుతుంది. అక్కడ లా షపెల్ అనే స్టేషన్లో దిగాలి. గార్ దు నోర్ పెద్ద స్టేషన్‌కి దగ్గర్లోనే ఇది. మెట్లు దిగి రోడ్డు మీద కాలు పెడితే ఫ్రాన్స్ మాయమైపోయి తమిళనాడు ప్రత్యక్షమవుతుంది. తమిళ బోర్డులు, చీరల కొట్లు, ములక్కాడలు, కరివేపాకు, పచ్చి అరటికాయలు. శ్రీలంక యుద్ధం రోజుల్లో వచ్చి స్థిరపడిన తమిళులు ఈ చుట్టుపక్కల ఎక్కువ. కొంచెం లోపలికి పాజోల్ వీధిలో మాణిక్య వినాయకుడి గుడి ఉంది. 1985లో మొదలైన గుడి. ఏటా వినాయక చవితి రోజుల్లో ఇక్కడ రథయాత్ర చేస్తారు. పారిస్ నడివీధిలో గుట్టలుగా కొబ్బరికాయలు కొడతారు. నేను వెళ్లేసరికి తలుపులు వేసి ఉన్నాయి. బయటనుంచే దణ్ణం పెట్టుకుని ముందుకు నడిచాను.

ఇంకో పది నిమిషాల నడకలో మా మేనకోడలు పనిచేసే కొట్టు. పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, అది గైడు పుస్తకాల్లో ఎక్కే కొట్టు కాదు. పారిస్‌లో పేరున్న పాతిస్రీలు చాలా ఉన్నాయి. మోంతొర్గెయ్ వీధిలో స్తోరేర్ అనే కొట్టు 1730 నుంచీ నడుస్తోంది. పదిహేనో లూయీ రాజుగారి భార్య పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న మిఠాయి మేస్త్రి పెట్టిన కొట్టట అది. అక్కడ టూరిస్టులు వరస కడతారు. నేను చెప్పే కొట్టులో వరస కట్టేది ఆ పేటవాళ్లే. ముసలమ్మలు, బడి పిల్లలు, చంకలో బ్రెడ్డు పెట్టుకున్న ఉద్యోగస్తులు. ముందు గాజు బీరువా, పక్కన నాలుగు బల్లలు, ఎనిమిది కుర్చీలు. అంతే.

ఇక్కడొక చిన్న తేడా చెప్పాలి. మనకి బేకరీ అంటే అన్నీ ఒకటే. వాళ్లకి రొట్టె వేరు, మిఠాయి వేరు. రొట్టె కొట్టు బూలాంజ్రీ, మిఠాయి కొట్టు పాతిస్రీ. రొట్టెని అక్కడే పిసికి అక్కడే కాల్చేవాడు తప్ప వేరెవడూ తన కొట్టుకి బూలాంజ్రీ అని బోర్డు పెట్టకూడదని 1998లో చట్టమే చేశారు. పాతిస్రీకి ఆ రక్షణ లేదు. ఫ్యాక్టరీలో గడ్డకట్టించిన క్రువాసాన్ తెచ్చి కొట్టులో వేడి చేసి అమ్మేవాళ్లు బోలెడుమంది. అంచేత వెనకాల నిజంగా పొయ్యి వెలుగుతోందా లేదా అన్నది పేటవాళ్లు ముందే ఆరా తీసి పెట్టుకుంటారు. మన ఊళ్లో నెయ్యి స్వీట్సు కొట్టుకి వెళ్లి 'ఇది నెయ్యేనా, డాల్డానా' అని అడిగినట్టన్నమాట.

లోపలికి అడుగు పెట్టగానే 'బోంజూర్' అనాలి. ఇది మర్చిపోతే ఇక మీ పని అంతే. మనం తెలుగులో మొహమాటానికి నవ్వి ఊరుకుంటాం కదా, అది అక్కడ పనికిరాదు. నోరు తెరిచి అనాలి. అప్పుడు 'ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా' అని అడుగుతారు. కూర్చుని తింటే పన్ను పది శాతం, పట్టుకెళితే అయిదున్నర శాతం. అందుకని కొన్నిచోట్ల కూర్చున్నవాడికి ధర కొంచెం ఎక్కువుంటుంది. మంచినీళ్లు మాత్రం ఊరికే ఇస్తారు, అడిగితే జగ్గుతో తెచ్చి పెడతారు. తెలియక సీసా కొనుక్కునేవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

మా అమ్మాయి గాజు బీరువా వెనకనుంచి వచ్చింది. తెల్లకోటు విప్పేసి ఉంది కానీ జుట్టంతా పిండి. 'మావయ్యా, సన్నబడ్డావ్' అంది. నేను సన్నబడలేదు. తనే సన్నబడింది. తన డ్యూటీ పొద్దున అయిదు నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా. మెట్రో మొదలయ్యేది అయిదున్నరకి, కాబట్టి చీకట్లోనే సైకిలు తొక్కుకుంటూ వస్తుంది. అందుకే నన్ను మధ్యాహ్నం మూడింటికి రమ్మంది.

ఇక్కడ కొంత కథ చెప్పక తప్పదు. ఈ పిల్ల మా అక్క కూతురు. మా బావగారిది తాపేశ్వరం. ఆ పేరు చెబితే ఇంక ఆయన వృత్తేమిటో గోదావరి జిల్లాల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నలభై ఏళ్లుగా కాజాల మూకుడు ముందు నిలబడ్డ మనిషి. కాళ్లలో నరాలు తాళ్లలా ఉబ్బి ఉంటాయి. ముంజేతుల మీద నూనె చిందిన మచ్చలు. ఒక్కగానొక్క కూతుర్ని కాకినాడలో ఇంజినీరింగ్ చదివించాడు, ఎమ్మెస్‌కి ఫ్రాన్స్ పంపాడు. ఉద్యోగం వచ్చింది. ఆరేళ్లు చేసింది. పదేళ్లు ఉండనిచ్చే నివాస కార్డు చేతికొచ్చేదాకా ఆగి, వచ్చిన నెలలోనే రాజీనామా ఇచ్చి, మిఠాయి పనిలో చేరింది. సంగతి తెలిసిన రోజున బావ ఒకే మాటన్నాడు. 'ఈ పొయ్యి దగ్గరికి రాకూడదనే కదా అంత దూరం పంపింది' అని. అప్పట్నుంచి కూతురితో మాట్లాడలేదు. ఏడాదిన్నర. అక్క ఫోన్ చేసినప్పుడు పక్క గదిలోకి వెళ్లిపోతాడు.

నేను బయల్దేరేముందు అక్క 'ఎలా ఉందో కళ్లారా చూసి రా తమ్ముడూ' అంది. బావ ఏమీ అనలేదు. రెండు కిలోల డబ్బా నా చేతిలో పెట్టి, 'దారిలో నువ్వు తిను' అన్నాడు. నాకు షుగరుందని ఆయనకి బాగా తెలుసు.

సరే, కొట్టులోకి వద్దాం. ముందు నన్ను వెనక వంటగదికి తీసుకెళ్లింది. తలకి టోపీ, చెప్పుల మీద కవర్లు తొడిగాకే రానిచ్చింది. దాన్ని వాళ్లు వంటగది అనరు, లాబొరేటరీ అంటారు. ముద్దుగా 'లాబో'. నవ్వొచ్చింది గానీ, చూశాక పేరు సరిపోయిందనిపించింది. ప్రతి గిన్నె మీదా తారీఖు చీటీ, ప్రతి పొడికీ గ్రాముల లెక్క, గుడ్లని కూడా సంఖ్యతో కాకుండా తూకంతో వాడతారు. గది చల్లగా ఉంది. పాలరాతి బల్ల. ఒకవైపు దుప్పటిలాంటి పిండిని అటూ ఇటూ నడిపించి పలచన చేసే యంత్రం.

ఆ యంత్రం దగ్గర యాభై ఏళ్లాయన ఒకరున్నారు. జాఫ్నా తమిళుడు. నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కలూ, ఆయనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కలిపి మాట్లాడుకున్నాం. పారిస్ బేకరీల్లో తెల్లవారుజామున పిండి పిసికే చేతుల్లో శ్రీలంక తమిళులవి చాలా ఉంటాయి. 2023లో పారిస్ నగరం ఇచ్చే అత్యుత్తమ బాగెట్ బహుమతి గెలిచింది కూడా శ్రీలంకలో పుట్టిన తర్షన్ సెల్వరాజా. ఇరవయ్యో వార్డులో ఆయన బేకరీ ఉంది. గెలిచినవాళ్లు ఏడాది పాటు అధ్యక్షుడి భవనానికి రొట్టె సరఫరా చేస్తారు, నాలుగు వేల యూరోల నగదు కూడా ఉంటుంది. ఈ సంగతి ఆ జాఫ్నా ఆయన తనకే బహుమతి వచ్చినంత సంబరంగా చెప్పాడు.

పిండి మడత ఎలా పెడతారో చూపించారు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాస్త వివరంగా చెబుతాను. మైదా, నీళ్లు, ఉప్పు కలిపిన ముద్దని చదరంగా సాగదీస్తారు. మధ్యలో పలకలాంటి వెన్న పెట్టి పిండితో కప్పేస్తారు. దాన్ని పొడుగ్గా సాగదీసి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేస్తారు. చల్లటి పెట్టెలో పడుకోబెడతారు. మళ్లీ సాగదీసి మళ్లీ మూడు మడతలు. ఈస్టు కలిపిన క్రువాసాన్ పిండికి మామూలుగా మూడుసార్లు. వెయ్యి రేకులు అని అర్థం వచ్చే మిల్ ఫోయ్ మిఠాయికి ఆరుసార్లు. నేను జేబులోంచి పెన్ను తీసి లెక్కేశాను. మూడు, తొమ్మిది, ఇరవై ఏడు, ఎనభై ఒకటి, 243, 729. అలాంటి అట్టలు మూడు పేర్చి మధ్యలో క్రీము రాస్తారు గనక రెండువేల నూట ఎనభై ఏడు రేకులు. వెయ్యి అని తక్కువే చెప్పుకున్నారు పాపం. మనవాళ్లయితే లక్ష రేకులని పెట్టుండేవాళ్లు.

మడతకి వాడే వెన్న కూడా వేరు. మామూలు వెన్నలో కొవ్వు 82 శాతం ఉంటే ఇందులో 84. నీళ్లు తక్కువ, గట్టిదనం ఎక్కువ. వెన్న కరిగి పిండిలో కలిసిపోతే రేకులు పోతాయి, ఉత్త బిస్కెట్టు మిగులుతుంది. అందుకే గది చల్లగా ఉండాలి, చేతులు త్వరగా కదలాలి. పొయ్యిలో పెట్టినప్పుడు వెన్నలోని తడి ఆవిరై ప్రతి రేకునీ పైకి లేపుతుంది. అదీ అందులో కిటుకు. బేకింగ్ సోడా లేదు.

'మరి మన కాజా?' అన్నాను.

'అదే కదా మావయ్యా' అంది, నేనేదో తన పరీక్షలో ప్రశ్న అడిగినట్టు. 'నాన్న వెన్న పెట్టడు. పలచగా సాగదీసి నూనె, పొడిపిండి రాసి చాప చుట్టినట్టు చుడతాడు. ముక్కలు కోసి, కర్రతో ఒక్క నొక్కు నొక్కుతాడు. ఇక్కడ మూడు గంటలు పట్టే మడత అక్కడ చుట్టలో ఒక్కసారే వచ్చేస్తుంది. ఎండాకాలం తాపేశ్వరంలో వెన్న నిలబడదు. అందుకని మనవాళ్లు వెన్న లేకుండా రేకులు విడదీసే దారి కనిపెట్టారు.'

బయటికొచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. నా కోసం మూడు ప్లేట్లు పెట్టింది. షుగరు మాత్ర ఒకటి ముందే వేసుకున్నాను. తలా ఒక ముక్క చొప్పున తిన్నాను. డాక్టరుగారు ఈ పత్రిక చదవరని నమ్మకం.

మొదటిది పారీ-బ్రెస్ట్. సైకిలు చక్రం ఆకారం. పారిస్ నుంచి బ్రెస్ట్ రేవు దాకా వెళ్లి తిరిగొచ్చే సైకిలు పందెం 1891లో మొదలైంది, రానూపోనూ దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు. ఆ పందెం గుర్తుగా 1910లో లూయీ దురాన్ అనే మేస్త్రి దీన్ని తయారుచేశాడు. లోపల హేజెల్ నట్, బాదం వేయించి రుబ్బిన క్రీము. మన జీడిపప్పు పాకం రుచికి దూరపు చుట్టం. పైన ఉబ్బిన పెంకు ఉంది చూశారూ, ఆ పిండిని ముందు పొయ్యి మీద నీళ్లు, వెన్నతో ఉడికించి, తర్వాత గుడ్లు కలిపి కాలుస్తారు. లోపలి ఆవిరికి పూరీలా బోలుగా పొంగుతుంది. ఎక్లేర్ కూడా ఇదే పిండి.

రెండోది క్రువాసాన్. ఇది అసలు ఫ్రెంచిదే కాదు, వియన్నా నుంచి వచ్చింది. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా ఆయన 1830ల చివర్లో పారిస్‌లో వియన్నా రొట్టెల కొట్టు పెట్టాడు. ఇప్పటికీ ఈ తరహా వాటిని వియన్నా సరుకులనే పిలుస్తారు. కొట్టులో తిన్నగా ఉన్న క్రువాసాన్ అయితే మామూలుగా వెన్నతో చేసింది, కొమ్ముల్లా వంగి ఉంటే వేరే కొవ్వుతో చేసింది. ఇది అక్కడ చెల్లుబాటయ్యే వాడుక. తిన్నగా ఉన్నదే కొనండి.

శాకాహారులకి ఒక మాట. ఈ కొట్లలో గుడ్డు లేని మిఠాయి వెతుక్కోవాలి. గుడ్డు తినేవాళ్లయినా నిగనిగలాడే పై పూతల్లో, మెత్తటి మూస్‌లలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. అడిగితే చెబుతారు, ఏమీ అనుకోరు.

మూడో ప్లేటు గురించి చెప్పేముందు సంచీలోంచి డబ్బా తీశాను. 'నాన్న పంపాడా?' అని అడిగింది. 'నన్ను తినమని ఇచ్చాడు' అన్నాను, జరిగింది జరిగినట్టు. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి చాకు తెచ్చింది. కాజాని తినకుండా అడ్డంగా కోసింది. కోసిన ముక్కని కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. పాకం ఎంత లోపలికి దిగిందో గోటితో గీసి చూసింది. అప్పుడు నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

'ఇది నాన్న చుట్టింది కాదు' అంది. 'కొత్త మనిషి. నొక్కు ఎక్కువైంది, మధ్యలో రేకులు అంటుకున్నాయి. పాకం మాత్రం నాన్నదే.'

బావగారి భుజం నొప్పి సంగతి నేనప్పుడు చెప్పాను. సంక్రాంతి దగ్గర్నుంచీ కర్ర పట్టలేకపోతున్నాడు, చుట్టే పనికి కుర్రాణ్ణి పెట్టాడు. ఈ మాట అక్క ఆమెకి చెప్పలేదట. అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అప్పుడు ఆమె చేతులు చూశాను. మోచేతికి దిగువన అడ్డంగా రెండు గోధుమరంగు గీతలు, పొయ్యిలోంచి రేకులు లాగేటప్పుడు అంచు తగిలి కాలినవి. బావ చేతి మీద మచ్చలూ సరిగ్గా అక్కడే.

నేను ఉద్యోగం చేసినంతకాలం డబ్బు లెక్కే చూసినవాణ్ణి, కాబట్టి తిన్నగానే అడిగాను. 'ఎంతొస్తుంది?'

'కనీస జీతం కన్నా కొంచెం ఎక్కువ. అన్నీ పోను పదహారు వందల యూరోలు. ఇదివరకు వచ్చేదాంట్లో సగం.'

'అద్దె?'

'చిన్న గదికి మారాను.'

'ఎందుకమ్మా మరి?'

'ఆరేళ్లు ఒక బీమా కంపెనీకి స్క్రీన్లు తయారుచేశాను మావయ్యా. వాటిని వాడేవాళ్ల మొహం ఒక్కసారీ చూడలేదు' అంది. ఇంకేమైనా చెబుతుందేమో అని చూశాను. చెప్పలేదు. పదహారు వందల లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను. 'నాకూ పడదు, నెలాఖర్లో' అని నవ్వింది.

ఊరికే చేరిపోలేదు. ఆ దేశంలో పాతిస్రీ కొట్టు నడపాలంటే ప్రభుత్వ డిప్లొమా అయినా ఉండాలి, మూడేళ్ల అనుభవమైనా ఉండాలి. సీఏపీ అంటారు ఆ డిప్లొమాని. పదిహేను పదహారేళ్ల పిల్లలు చదివే చదువు అది. ముప్పయ్యో పడిలో ఉద్యోగాలు మాని వచ్చేవాళ్లకి ఏడాదిలో పూర్తిచేసే దారీ ఉంది. ఈమె అలాగే చేసింది. మా బావ నలభై ఏళ్లు కాజాలు చేసి కొన్ని వందల పెళ్లిళ్లకి సారె పంపాడు, ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. అక్కడయితే కొట్టు అనుభవం కిందే నడపనిస్తారనుకోండి.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. కొట్టు యజమానురాలికి అరవై దాటాయి. మరో మూడేళ్లలో కొట్టు ఎవరికైనా అప్పగించి సొంతూరు పోవాలనుకుంటోంది. పిల్లలకి ఇష్టం లేదు. మా అమ్మాయి కళ్లు ఆ కొట్టు మీద ఉన్నాయి. 'నాన్నని డబ్బడగను' అంది నేను అడక్కుండానే. 'బ్యాంకు చూసుకుంటా. కానీ ఆయన నాతో మాట్లాడకుండా ఇది కొనలేను.' అప్పటిదాకా కబుర్లలా సాగిన మధ్యాహ్నం అక్కడ కాస్త బరువెక్కింది.

మాటల్లోనే యజమానురాలు వచ్చింది. ఆవిడది సముద్రం ఒడ్డున ఉన్న బ్రిటనీ ప్రాంతం, ఉప్పు వెన్నకి పేరున్న చోటు. డబ్బా కేసి చూసి, సైగ చేసి, ఒక కాజా తీసుకుంది. కరకరమని కొరికింది. కళ్లు మూసుకుంది. గబగబా ఏదో అంది. అమ్మాయి తెలుగు చేసింది: 'ఇది మా ఊరిదే, మీ ఊరికి ఎలా వచ్చింది అంటోంది.'

ఆవిడ చెప్పిందీ, మూడో ప్లేటులో ఉన్నదీ ఒకటే. దాని పేరు క్విన్ అమాన్. బ్రెటన్ భాషలో క్విన్ అంటే కేకు, అమాన్ అంటే వెన్న. దువార్నెనే అనే రేవు ఊళ్లో 1860 ప్రాంతంలో పుట్టిందని చెప్పుకుంటారు. రొట్టె పిండిలో ఉప్పు వెన్న, పంచదార పెట్టి మడతలు వేసి కాలుస్తారు. పంచదార కరిగి, అడుగున మాడీ మాడని పాకమై గట్టిపడుతుంది. గుడ్డు లేదు. కొరికితే పైన పెళుసు, లోపల పొరలు పొరలుగా తీపి. కళ్లు మూసుకుని తింటే మండపేట బస్టాండులో ఉన్నట్టుంది. ఉప్పు ఒక్కటే తేడా.

మాకు గంటన్నర దూరంలో యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్లదే. ఇన్ని వందల ఏళ్లు పక్కనే ఉన్నవాళ్లు కాజా పట్టుకెళ్లలేదు, క్విన్ అమాన్ తేలేదు. రెండు ఊళ్లూ ఎవరి మడత వాళ్లే కనిపెట్టుకున్నట్టున్నాయి. నాకు అలాగే అనిపించింది.

నాలుగున్నర అయ్యేసరికి కొట్టు స్వరూపం మారిపోయింది. ఆ రోజు బుధవారం. ఫ్రాన్సులో చిన్న పిల్లలకి బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు. సాయంత్రం వేళ పిల్లలకి పెట్టే చిరుతిండిని గూతే అంటారు, అది వాళ్లకి మన ఇళ్లలో బడి నుంచి రాగానే పెట్టే జంతికలూ పాలూ లాంటిది. తల్లులు, అమ్మమ్మలు, ఆయాలు, చేతులు పట్టుకుని పిల్లలు. నల్లవాళ్లు, అరబ్బులు, తమిళులు, తెల్లవాళ్లు, ఆ పేటలో ఉన్నవాళ్లందరూ. జడలో మల్లెపూలు పెట్టుకున్న ఒక తమిళ అమ్మమ్మ మనవరాలికి చాక్లెట్ రొట్టె కొని, తను మాత్రం నా డబ్బా వైపు చూసింది. ఒకటి ఇచ్చాను. ఆవిడకి ఏమిటో చెప్పక్కర్లేకపోయింది.

డ్యూటీ అయిపోయినా అమ్మాయి లేచి కౌంటరు వెనక్కి వెళ్లింది. ఒక బుడ్డాడు ఎక్లేర్ కొరికి మూతినిండా పూసుకుని ఈమె కేసి చెయ్యి ఊపాడు. తనూ ఊపింది. నేను కాఫీ తెప్పించుకున్నాను. చిట్టి కప్పులో రెండు గుక్కల కషాయం. పాలు కావాలంటే 'క్రెమ్' అని ముందే చెప్పాలి. ఇంత వెన్న తెలిసినవాళ్లకి కాఫీ ఎందుకు తెలీదో నాకు అంతుబట్టదు.

గుంపు తగ్గాక వచ్చి కూర్చుంది. 'మావయ్యా, ఒక పని చెయ్యాలి' అంది. శనివారాల్లో ఒక మిఠాయి తన ఇష్టప్రకారం చేసి అమ్ముకోమని యజమానురాలు ఒప్పుకుందట. కాజా చేద్దామని నాలుగు నెలలుగా తంటాలు పడుతోంది. రమ్ము పాకంలో నానబెట్టే బాబా అనే మిఠాయి వాళ్లకి ఉంది గానీ, అది స్పంజిలా మొత్తం పీల్చేసి మెత్తబడిపోతుంది. కాజా అలా కాకూడదు. లోపల పాకం ఉండాలి, పైన కరకరలాడాలి. 'పాకం నూట అయిదు డిగ్రీల దాకా తెచ్చాను, నూట ఎనిమిది దాకా తెచ్చాను. కాజా వేడిగా వేశాను, చల్లార్చి వేశాను. ఒకసారి మెత్తబడుతుంది, ఒకసారి పాకం పైనే గడ్డకడుతుంది. నాన్న దగ్గర థర్మామీటరు లేదు కదా, ఎలా తెలుస్తుందో అడిగి చెప్పు.'

'నువ్వే అడుగు' అన్నాను.

'నువ్వడుగు' అంది.

కొట్టు లోపల గోలగా ఉందని బయటికొచ్చి, ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్ చేశాను. అయిదుంబావు. మనకి రాత్రి తొమ్మిదింటికి పావు తక్కువ. బావగారు కొట్టు కట్టేసి అన్నం తింటూ ఉండే వేళ. విషయం చెప్పాను. నూట అయిదు, నూట ఎనిమిది అన్నీ చెప్పాను. అవతల మంచినీళ్లు తాగిన చప్పుడు వినిపించింది.

'కాజాలు ఎలా ఉన్నాయంట?' అన్నాడు.

'చుట్టింది మీరు కాదని కనిపెట్టింది. నొక్కు ఎక్కువైందంట.'

కాసేపు మాట లేదు. తర్వాత, 'ఆ కుర్రాడికి నెల్రోజుల్నుంచీ చెబుతున్నా' అన్నాడు. మళ్లీ ఆగి, 'పాకం సంగతి ఫోన్లో చెబితే వచ్చేది కాదోయ్. రెండు వేళ్ల మధ్య పట్టి చూడాలి. వచ్చి చూసుకోమను' అన్నాడు.

'ఎప్పుడు రమ్మంటారు?'

'సంక్రాంతికి రమ్మను.'

లోపలికెళ్లి చెప్పాను. అమ్మాయి చేతిలో పళ్లెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. 'జనవరి కుదరదు. గాలెట్ నెల.' జనవరిలో అక్కడ ముగ్గురు రాజుల పండగ. లోపల చిన్న పింగాణి బొమ్మ దాచిన బాదం గాలెట్ ప్రతి ఇంట్లోనూ కోస్తారు, బొమ్మ దొరికినవాడికి కాగితం కిరీటం. ఏడాది మొత్తంలో మిఠాయి కొట్లకి ఊపిరాడని నెల అదే. 'ఆగస్టులో అయితే కొట్టు మూడు వారాలు మూసేస్తారు' అంది. ఆగస్టులో పారిస్ పేటల్లో సగం కొట్లకి తలుపులు వేసే ఉంటాయి, అందరూ సెలవులకి పోతారు.

మళ్లీ బయటికొచ్చాను. రెండోసారి మొదటి రింగుకే ఎత్తాడు.

'ఆగస్టా? శ్రావణం కదా. పెళ్లిళ్ల ఆర్డర్లుంటాయి. ఇక్కడ చేతులు చాలవు, కూర్చోబెట్టి నేర్పే తీరిక ఎవడికుంటుంది?'

'అయితే వద్దని చెప్పమంటారా?'

'వద్దని ఎవరన్నారు? వచ్చాక పెద్ద ఇంజినీరులా పడుకుంటే కుదరదు, తెల్లారి నాలుగింటికి లేవాలని చెప్పు.'

ఆ మాట అలాగే చెప్పాను. పళ్లెం తుడుస్తూ, 'నేను లేచేదే మూడున్నరకి' అంది.